పిలిస్తే పలకొద్దు

సిద్దిపేట కోర్టులో నల్లకోటు వేసుకున్న మొదటి ఏడాదే నా చేతిలో ఒక మంచి కేసు పాడైపోయింది. పాడుచేసింది నేను కాదు, నా కక్షిదారు. జగదేవ్‌పూర్ వైపు నుంచి వచ్చిన పెద్దాయన, పొలం గట్టు తగాదా. అటెండరు పేరు పిలిచాడు. నేను కాగితాలు సర్దుకునేలోపే ఆయన గబగబా జడ్జిగారి ముందుకు నడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సారూ, గట్టు నేనే జరిపిన. గని వాడు మా నాయినను తిట్టిండు, గందుకే జరిపిన" అన్నాడు. అవతలి వకీలుకు లేచి నిలబడే పని కూడా లేకుండా పోయింది.

ఆ సాయంత్రం మా సీనియర్ నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. "కక్షిదారు నోరు మూసుకుంటెనే కేసు నిలుస్తదమ్మా. వకాలత్ మీద సంతకం పెట్టిచ్చుకునేటప్పుడే ఆ ముచ్చట చెప్పాలె" అన్నాడు. అప్పటి నుంచి ఇరవై ఏళ్లు ప్రతి కక్షిదారుకూ ఒకటే మాట చెప్పాను. "లోపల నీ పేరు పిలుస్తరు. పలకకు. నోరు తెరవకు. నేనున్న గద, నేను చూసుకుంట." ఆ మాట చెప్పకుండా ఎవరి వేలిముద్రా తీసుకోలేదు. వకీలమ్మ కక్షిదారులు బొమ్మల్లా నిలబడతారని బార్ రూములో తోటి వకీళ్లు అనుకునేవారు. అది నాకు గొప్పగానే ఉండేది.

మా ఆఫీసు గుమాస్తా మున్షీ సాబు మాత్రం ఒప్పుకునేవాడు కాదు. నాకంటే ముందు మా సీనియర్ దగ్గర పనిచేసిన మనిషి, కోర్టు వరండాలోనే తల నెరిసింది. "మేడం, మనిషన్నంక జరంత మాట్లాడనియ్యాలె. లోపల పెట్టుకుంటె ఖరాబైతది" అనేవాడు. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

ఎంపీనెట్లా అయ్యానని ఇప్పటికీ అడుగుతుంటారు. అందులో నా గొప్ప పెద్దగా లేదు. ప్రత్యేక రాష్ట్రం కోసం కోర్టులు బహిష్కరించి రోడ్డు మీద కూర్చున్న వకీళ్లలో నేనూ ఒకదాన్ని. తర్వాత రిజర్వాయర్ కింద ఊళ్లు పోయినప్పుడు ఆ ఊళ్లవాళ్లకు పిటిషన్లు రాసిచ్చాను. వాటిలో గెలిచినవి తక్కువే, కానీ పేరు మాత్రం ఊరూరా తిరిగింది. ఒక ఎన్నికలకు పార్టీకి ఆడ అభ్యర్థి కావలసి వచ్చింది. వాళ్లు అడిగారు, నేను కాదనలేదు. గాలి మా వైపు ఉంది, గెలిచాను. గెలిచిన రోజు ఇంటినిండా పూలదండలు. మా అమ్మ మాత్రం వంటింటి గడపలో నిలబడి, "ఇగ నువ్వు ఇంట్ల కూసోని అన్నం తినవు" అంది. ఐదేళ్లూ అదే జరిగింది.

ఫైళ్లన్నీ నా జూనియర్‌కు అప్పగించాను. తెలివైన పిల్లవాడు, నాలుగేళ్లుగా నా దగ్గరే ఉన్నాడు. ఆఫీసు మాత్రం మూయలేదు. ఏరు దాటి తెప్ప తగలేసిందని రేపు ఎవరూ అనకూడదు కదా. వకీలు బోర్డు అలాగే ఉంచి, దాని పక్కన పార్లమెంటు సభ్యురాలు అని ఇంకో బోర్డు పెట్టించాను. ఒకే గది, రెండు బోర్డులు. ఆ ఏర్పాటు చూసుకుని అప్పట్లో మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా తలకాయ నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఎందుకంటే ఆ గదిలోకి కక్షిదారులూ వచ్చేవారు, ఓటర్లూ వచ్చేవారు, అందరూ అదే బెంచీ మీద కూర్చునేవారు. ఎంపీ దగ్గరికి జనం చట్టాల కోసం రారు. కొండ మీద దర్శనానికి లెటర్ కావాలి. రైల్లో బెర్తు ఖాయం కావాలి. పెద్ద దవాఖానలో మంచం దొరకాలి. పింఛను ఆగిపోయింది, అల్లుడి బదిలీ ఆగిపోయింది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. శుక్రవారం సాయంత్రం విమానం దిగితే, శనివారం పొద్దున ఏడింటికే గేటు ముందు చెప్పులు కుప్పలు పడి ఉండేవి. పదింటిలోపు వాళ్లందరినీ చూసి పెళ్లిళ్లకు బయలుదేరాలి. అక్షింతలు వేసి, ఫోటో దిగి, భోజనం ముట్టకుండా ఇంకో ఫంక్షన్ హాలుకు. మధ్యలో రెండు దినాలు, ఒక పరామర్శ. ఎవరి పెళ్లిలో ఎవరి చావు గురించి మాట్లాడానో కూడా గుర్తుండేది కాదు.

అట్లాంటి రోజుల్లోనే నాకు ఒక మాట అలవాటైంది. ఎవరు ఏ కాగితం చాపినా, చెయ్యి పట్టుకుని, "అయితది, పో" అనడం. ఆ మాట విన్నవాళ్లు మొహం విప్పార్చుకుని వెళ్లిపోయేవారు. సగం పనులు నిజంగానే అయ్యేవి, నా వల్లనో కాకనో. మిగతా సగం గురించి ఆలోచించే తీరిక లేదు.

ఇక ఆ అవ్వ సంగతి చెప్పాలి. తొగుట అవతల ఊరు ఆమెది. భర్త పోయాడు, పిల్లల్లేరు. భర్త పేర రెండెకరాల చెలక, అంటే మెట్ట భూమి, ఉండేది. కొత్త పాసుబుక్కులు ఇచ్చే రోజుల్లో మరిది ఆ రెండెకరాలు తన ఒక్కడి పేరనే ఎక్కించుకున్నాడు. చుట్టుపక్కల భూమి చాలావరకు నీళ్ల కింద పోయింది, ఇది గట్టున మిగిలింది, అందుకని దానిమీద అందరి కళ్లూ పడ్డాయి. అవ్వ అక్కగారింట్లో ఒక మూల తలదాచుకుని, పత్తి ఏరే కూలికి పోయేది. ఆ రెండెకరాలు తనవని కోర్టు చెబితే తన చెలకలో తానే చిన్న రేకుల ఇల్లు వేసుకుని బతుకుతుంది. చెప్పకపోతే ఒకరి గడపలోనే కన్నుమూస్తుంది. ఇంతకంటే ఆమెకు కావలసింది ఏమీ లేదు. నేను ఎన్నికల్లో నిలబడటానికి కొద్ది నెలల ముందే ఆమె తరఫున దావా వేశాను. వకాలత్ మీద వేలిముద్ర వేయించుకుంటూ, అందరికీ చెప్పిన మాటే ఆమెకూ చెప్పాను. ఆమె తలూపింది.

నేను ఢిల్లీ పోయాక ఊళ్లో ఆమెకు గౌరవం పెరిగిందట. నీ వకీలు ఎంపీ అయింది, ఇక నీ మరిది పని అయిపోయినట్టే అని అందరూ అన్నారట. ఆమె కూడా అలాగే అనుకుంది. జూనియర్ వాదిస్తుంటే, "మా వకీలమ్మ ఢిల్లీల ఉన్నది, ఆమెనే చూసుకుంటది" అని అతనికే చెప్పేదట.

ఢిల్లీ గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. నాకిచ్చిన క్వార్టర్లో రెండు గీజర్లు, రెండూ పనిచేసేవి కావు. నా హిందీ సిద్దిపేట బజారులో నేర్చుకున్నది. అవునుకు 'హౌ' అన్నా, వద్దుకు 'నక్కో' అన్నా పక్క సీట్ల ఉత్తరాది సభ్యులు ముద్దుగా నవ్వేవారు. మొదట్లో నేనూ నవ్వాను. మూడో ఏడాదికి నవ్వు రావడం మానేసింది. కోర్టులో ఒక మాట అంటే ఎవరో ఒకరు లేచి కాదంటారు, దానికి నేను జవాబు చెప్పాలి, అదొక పని. ఇక్కడ ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో, ఎటు ఓటెయ్యాలో పార్టీ నుంచి ముందే కాగితం వచ్చేది. ఇరవై ఏళ్లు జనాన్ని నోరు మూసుకోమని చెప్పి బతికినదాన్ని, నా వంతు వచ్చిందనుకున్నాను.

ఒకసారి మాత్రం మాట్లాడాలనుకున్నాను. సభలో ప్రశ్నల సమయం అయ్యాక సభ్యులు తమ ఊళ్ల సంగతులు చెప్పుకోవడానికి కొద్దిసేపు ఇస్తారు. దానికి చీటీలు తీస్తారు, పేరు రావాలి. నాలుగు సమావేశాలు ప్రయత్నిస్తే ఒకసారి వచ్చింది. భర్త చనిపోయిన ఆడవాళ్ల పేర్లు భూమి కాగితాల్లోకి ఎక్కకపోవడం గురించి మాట్లాడతానని రాసిచ్చాను. దానికి ఉదాహరణగా ఆ అవ్వ కేసే తీసుకున్నాను, పేరు లేకుండా. క్వార్టర్లో అద్దం ముందు నిలబడి గడియారం చూసుకుంటూ, మూడు నిమిషాల్లోపు అయ్యేలా రోజంతా చదువుకున్నాను. ఒకచోట నేనే చదవలేక ఆగిపోయి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

తీరా ఆ రోజు వేరే ఏదో విషయం మీద సభను నడవనివ్వకూడదని మా పార్టీ తీర్మానించింది. మేమందరం అట్టముక్కలు పట్టుకుని స్పీకర్ ముందుకు పోయి నిలబడ్డాం. ఆ గోలలోనే పేర్లు పిలవడం మొదలైంది. నా పేరు వినిపించింది. మా నాయకుడు నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నేను అట్టముక్క ఇంకొంచెం పైకెత్తాను. కోర్టులో పేరు మూడుసార్లు పిలుస్తారు, అక్కడ ఒక్కసారే. తర్వాతి సభ్యుడి పేరు పిలిచారు. నేను రాసుకున్న కాగితం చీర కుచ్చిళ్లలో దోపుకుని ఉంది, చెమటకు తడిసి మెత్తబడింది.

అదే ఏడాది మా జూనియర్‌కు హైదరాబాదులో పెద్ద వకీలు దగ్గర చోటు దొరికింది. పోతూ పోతూ ఫైళ్లన్నీ మూట కట్టి మున్షీ సాబుకు ఇచ్చాడు. మున్షీ సాబు ఫోన్ చేసినప్పుడు నేను ఎయిర్‌పోర్టులో వరుసలో ఉన్నాను. "మేడం, ఫైళ్లు వాపస్ వచ్చినయ్. ఎవరికియ్యాలె?" అన్నాడు. "పెట్టుండ్రి, వచ్చినంక చూస్త" అన్నాను. వచ్చాను, పోయాను, మళ్లీ వచ్చాను. చూడలేదు. మిగతా కక్షిదారులు నెల తిరగకుండా వచ్చి ఎవరి కట్ట వాళ్లు తీసుకుని వేరే వకీళ్లను పెట్టుకున్నారు. ఆ అవ్వ కట్ట ఒక్కటే బీరువాలో మిగిలింది.

ఎన్నికలు మళ్లీ వచ్చాయి. ఈసారి గాలి అటు తిరిగింది, ఓడిపోయాను. నిజం చెప్పొద్దూ, ఫలితం వచ్చిన మధ్యాహ్నం మొదట కలిగింది బాధ కాదు, కాళ్లు చాపుకోవచ్చు అన్న ఊరట. వారం రోజులు పడుకున్నాను. తర్వాత రెండో బోర్డు పీకించి, నల్లకోటు ఇస్త్రీ చేయించుకుని కోర్టుకు పోయాను. కోటు నడుము దగ్గర పట్టలేదు.

మూడో రోజో నాలుగో రోజో, బార్ రూము మెట్ల మీద ఆ అవ్వ కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"వచ్చినవా బిడ్డా. మంచిగైంది. ఇయ్యాల మన వాయిదా ఉన్నదా?"

ఫోన్ తీసి కోర్టువాళ్ల యాప్‌లో ఆమె కేసు నంబరు కొట్టాను. కేసుల వివరాలన్నీ ఇప్పుడు అందులోనే ఉంటాయి. ఆమె కేసు ఎదురుగా ఎర్రటి అక్షరాల్లో ఉంది: వాది పక్షాన ఎవరూ హాజరు కానందున కొట్టివేయడమైనది. అప్పటికి రెండేళ్లు దాటింది.

నేను ఆ మెట్ల మీదే కూర్చున్నాను. ఆమె కూడా పక్కన కూర్చుంది, ఎండకు తట్టుకోలేక కూర్చున్నాననుకుని.

"అవ్వా, నువ్వు అప్పుడు వాయిదాలకు వచ్చినవా?"

"ఒక్కటి తప్పలె బిడ్డా. పొద్దుగాల బస్సుకే వస్తుంటి."

"నీ పేరు పిలువలేదా మరి?"

"పిలిచిన్రు. మూడుసార్లు పిలిచిన్రు."

"నువ్వు ఏడున్నవు అప్పుడు?"

"ఆడనే. తలుపు కాడ."

"మరి ఎందుకు పలకలేదు?"

ఆమె నా మొహంలోకి చూసింది. పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"నువ్వే చెప్పినవ్ గద బిడ్డా. పిలిస్తె పలకకు, నేను చూసుకుంటనని."

ఆమే చెప్పుకుపోయింది. ఆ రోజు ఇంటికి పోయాక వాయిదా పడిందనే అనుకుందట. ఎప్పుడూ అంతే కదా, పిలుస్తారు, వాయిదా వేస్తారు. తర్వాత నాలుగైదుసార్లు వచ్చినా తన పేరు పిలవకపోయేసరికి, శనివారం చూసి నా ఆఫీసుకే వచ్చిందట. గేటు దగ్గర రిజిస్టరులో పేరు రాయించి, బెంచీ మీద కూర్చుందట. నేను కారెక్కబోతూ ఆమె చెయ్యి పట్టుకున్నానట.

"ఏమన్న నేను?"

"అయితది, పో అన్నవు. ఇగ అప్పటిసంది నిమ్మలంగున్న."

నాకు ఆ శనివారం గుర్తు లేదు. ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. అన్నింటికంటే అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది. నేను ఢిల్లీలో అద్దం ముందు ఆమె కష్టం చదవలేక ఆగిపోయినదాన్ని, ఇక్కడ ఆమె చెయ్యి పట్టుకుని కూడా ఆమెను పోల్చుకోలేదు.

ఆ మధ్యాహ్నమే మున్షీ సాబును తొగుట పంపి వాకబు చేయించాను. దావా లేదని తెలిశాక మరిది ఒక ఎకరం అమ్మేశాడు. కొన్నవాడు కడీలు పాతి చుట్టూ తీగ లాగాడు. రెండో ఎకరానికి బేరం నడుస్తోంది. అవ్వకు ఇదేదీ తెలియదు, లేక తెలిసినా వకీలమ్మ చూసుకుంటుందని ఊరుకుంది. ఏదైనా చేస్తే ఆ మిగిలిన ఎకరం అమ్ముడుపోకముందే చెయ్యాలి.

కొట్టేసిన కేసు మళ్లీ తెరిపించాలంటే నెల రోజుల్లోపు అడగాలి. నెల దాటితే ఆలస్యం ఎందుకైందో ప్రమాణం చేసి రాసివ్వాలి. మా కోర్టులో ఆలస్యానికి కారణం ఎప్పుడూ ఒకటే, కామెర్లు. ఎవరి ఆలస్యమైనా సరే, ఏ వకీలు రాసినా సరే, కక్షిదారుకు కామెర్లు వచ్చినట్టే. ఇన్నేళ్లలో నేనే ఎంతమందికి కామెర్లు తెప్పించానో లెక్కలేదు. కాగితాల్లో చూస్తే మా జిల్లాలో ఒక్కరికి కూడా కాలేయం సరిగ్గా లేదు.

బార్‌లో అందరూ అదే చెప్పారు. మా ఈడు వకీలు ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు. "కామెర్లు రాసెయ్ మేడం. మల్ల తిరగబెట్టినయని రాయి, రెండేండ్లకు సరిపోతది. నీ తప్పని రాసుకుంటె రేపు పేపర్లల్ల వస్తది. మల్ల టికెట్ అడిగే మనిషివి" అన్నాడు. ఆయన నా మంచికే చెప్పాడు. పార్టీవాళ్లు అప్పటికే ఒకసారి ఇంటికి వచ్చిపోయారు, వచ్చేసారికి సిద్ధంగా ఉండమన్నారు. నేను కాదనలేదు. అలసిపోయానని అందరికీ చెబుతూనే కాదనలేదు, అదీ నా సంగతి.

కానీ ఆలస్యం మన్నించడం జడ్జి ఇష్టం. రెండేళ్ల కామెర్లను ఆయన నమ్మకపోతే అవ్వకు ఆ ఎకరం కూడా పోతుంది. రెండు రోజులు కలం పట్టుకుని కూర్చుని, చివరికి జరిగింది జరిగినట్టు రాశాను. వాది కోర్టుకు వచ్చింది, పేరు పిలిస్తే పలకవద్దని ఆమెకు చెప్పింది నేనే, ఫైలు నా బీరువాలో ఉంది, ఆమె నా దగ్గరికి వస్తే అయితదని చెప్పి పంపింది నేనే. ప్రమాణ పత్రం మీద నా పేరే ఉంది కనుక నేను వాదించడం బాగుండదు. మా ఎదురు గదిలో కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన అమ్మాయి ఉంది, ఆమెను నిలబడమన్నాను. ఆమె కాగితం చదివి తలెత్తి నన్ను చూసింది, ఫైలు చేతిలోకి తీసుకుంది.

విచారణ రోజు అవతలి వకీలు బాగానే వాయించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నారు అన్నాడు. పార్లమెంటుకు పోయినావిడకు కక్షిదారు గుర్తులేకపోతే దానికి నా కక్షిదారు ఎందుకు నష్టపోవాలి అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు. నేను పక్క బెంచీ మీద కూర్చుని నేల చూస్తూ విన్నాను.

జడ్జిగారు అవ్వను ముందుకు పిలిచారు. "ఏమ్మా, ఆ రోజు కోర్టుకు ఎందుకు రాలేదు?" అన్నారు. ప్రమాణ పత్రంలో వచ్చిందని ఉన్నా, అడగడం అట్లా అడిగారు.

అవ్వ కొంగు సర్దుకుని, అప్పజెప్పినట్టు గడగడా చెప్పింది. "నాకు పసిరికెలైనయ్ సారు. మంచంల పడ్డ. మా వకీలమ్మది ఏం తప్పు లేదు."

పసిరికెలంటే అవే కామెర్లు. గుమ్మం దగ్గర మున్షీ సాబు తల దించుకున్నాడు. ఎవరు నేర్పారో నాకు అప్పుడే అర్థమైంది. నా పేరు ఖరాబు కావద్దని, నలభై ఏళ్ల అనుభవమంతా ఉపయోగించి, ముందురోజే ఆమెను పక్కన కూర్చోబెట్టి చదివించాడు. కన్నీళ్లు వచ్చేంత కోపం వచ్చింది నాకు. జడ్జిగారు కళ్లద్దాలు తీసి నా ప్రమాణ పత్రాన్ని, ఆమెను మార్చి మార్చి చూశారు. అవతలి వకీలు అప్పటికే లేచి నిలబడ్డాడు. ఒకరు వచ్చిందని రాస్తారు, ఇంకొకరు రాలేదంటారు, ఇదంతా అబద్ధం అన్నాడు.

నేను లేచాను. ఇన్నేళ్ల ప్రాక్టీసులో నా కక్షిదారు అబద్ధం చెబుతోందని నేనే కోర్టుకు చెప్పడం అదే మొదటిసారి. "ఆమె నన్ను కాపాడటానికి చెబుతోంది సర్. కామెర్లు లేవు, ఏమీ లేవు. ఆమె వచ్చింది" అన్నాను.

"ఆమెనే చెప్పనివ్వండి" అన్నారు జడ్జిగారు.

అవ్వ నా వైపు తిరిగింది. నోరు గట్టిగా మూసుకుని, నేనేమంటానో చూస్తోంది.

"చెప్పవ్వా" అన్నాను. "ఉన్నది ఉన్నట్టు చెప్పు. నాకేం కాదు."

కొంగు మళ్లీ సర్దుకుంది. తర్వాత జడ్జిగారి వైపు తిరిగి చెప్పింది. "వచ్చిన సారు. గా తలుపు కాడనే నిలబడ్డ. మూడుసార్లు పిలిచిన్రు నన్ను. మూడోపారి పిలిచినప్పుడు పలుకుదామా అని పాణం కొట్టుకున్నది. పలికితె కేసు ఖరాబైతదని మల్ల ఊకున్న." అంతవరకు చెప్పి ఆగింది. ఇంకో మాట అంది, అది ఎవరూ అడగలేదు. "నా ఇంటాయన పోయినంక నన్ను పేరు పెట్టి పిలిచింది గాడనే సారు, కోర్టులనే. ఊర్ల అందరు ముండమోపిదనే అంటరు."

జడ్జిగారు తలొంచుకుని రాసుకున్నారు. వారం తర్వాత ఉత్తర్వు వచ్చింది: ఆలస్యం మన్నించారు, దావా తిరిగి తెరిచారు, మిగిలిన ఎకరం అమ్మకుండా స్టే ఇచ్చారు. అమ్మేసిన ఎకరం కోసం కొన్నవాడిని కూడా ప్రతివాదిగా చేర్చి మొదటి నుంచి నడపాలి. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చాడని మావైపు ఒక సామెత. అవ్వకు అరవై ఎనిమిదేళ్లు. ఎన్నేళ్లు పడుతుందో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

బార్‌లో ఆయన అన్నట్టే పేపర్లో వచ్చింది, లోపలి పేజీలో చిన్నగా. అయినా పార్టీవాళ్లు మళ్లీ వచ్చారు, ఈసారి ఆఫీసుకు. నిజాయితీగా ఒప్పుకున్నారని జనంలో మంచి పేరే వచ్చింది మేడం, దీన్నే చెప్పుకుందాం అన్నారు. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. కానీ వాళ్లను పొమ్మనలేదు. చాయ్ ఇప్పించాను, చూద్దాం అన్నాను. గేటు బయట వాళ్ల కార్లు రెండు గంటలు నిలబడి ఉన్నాయి, కోర్టు రోడ్డు అంతా చూసింది.

మరునాడు అవ్వ ఆఫీసుకు వచ్చింది. వాయిదా లేని రోజు. బెంచీ మీద కూర్చోమంటే కూర్చోకుండా నా టేబుల్ ముందు నిలబడింది.

"మల్ల నిలబడ్తవంట గద బిడ్డా?"

"ఇంకా ఏం అనుకోలేదవ్వా."

"నిలబడు. నా ఓటు నీకే ఏస్త. మా అక్కోళ్ల ఇంట్ల ఓట్లు గూడ నీకే ఏపిస్త." ఆమె టేబుల్ అంచు పట్టుకుంది. మాట వెతుక్కోవడం కాదది, నన్ను నొప్పించకుండా ఎట్లా అనాలా అని చూస్తోంది. "గని నా కాగితాలు మాత్రం ఆ పిల్లకియ్యి, మొన్న నిలబడ్డది చూడు, ఆమెకు. నువ్వు మంచిదానివే బిడ్డా. గెలిస్తె మల్ల నువ్వు పోతవు."

నేను నిలబడనని చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. అది నిజమో కాదో నాకే తెలియలేదు, అందుకని చెప్పలేదు. మున్షీ సాబు కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. వకాలత్ వెనకవైపు, వేరే వకీలును పెట్టుకోవడానికి నాకు అభ్యంతరం లేదని రాసి, కింద సంతకం పెట్టి, ఆమె చేతికి ఇచ్చాను.